విలువ లేనివాళ్లమనిపించినప్పుడు: విశ్వాసంలో ఆత్మగౌరవం వెతుక్కునే దారి

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన చేయించుకోవడానికి ఆగేవాళ్ల నోట ఒక మాట తరచూ వస్తుంది: “నేను దేనికీ పనికిరాను, పాస్టర్ గారూ.” డిగ్రీలో సబ్జెక్టులు మిగిలిపోయిన కుర్రాడు అంటాడు. పెళ్లై ఏళ్లు గడిచినా కడుపు పండని కోడలు అంటుంది. రిటైరయ్యాక ఇంట్లో మాట చెల్లని పెద్దాయన అంటాడు. డాలస్‌లో ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్నవాడు ఫోన్లో అంటాడు. మన సంఘాల్లో ఈ మాటను తగ్గింపు, అంటే వినయం, కింద జమకట్టి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపించేస్తుంటాం. తగ్గింపు మంచిదే. తనను తాను అసహ్యించుకోవడం మాత్రం తగ్గింపు కాదు. ఈ రెంటికీ తేడా ఎవరూ చెప్పకపోతే ఎన్ని కూటాలకు వెళ్లినా లోపలి గాయం మానదు.

ఆ తేడా పట్టుకుని ముందుకు నడవడానికి కొన్ని అడుగులు ఇక్కడ చెబుతున్నాను. బైబిలు, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. ఒక్కో అడుగుకు వారమైనా ఇవ్వండి. ఒకే రాత్రి అంతా చదివేస్తే కాసేపు ఊరటగా ఉంటుంది తప్ప మనసులో దిగదు.

మొదటి అడుగు: ఏది ముందో, ఏది వెనకో తేల్చుకోండి

మత్తయి సువార్త 3వ అధ్యాయం చివరి భాగం తెరవండి. యేసు యొర్దానులో బాప్తిస్మం పొంది ఒడ్డుకు వచ్చాడు. “ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను” అని ఆకాశం నుంచి స్వరం వినిపించింది. అప్పటికి ఆయన చేసినదేమిటో సువార్తలో వెతకండి. ఒక్క ప్రసంగం లేదు. ఒక్క రోగి బాగుపడలేదు. వెంట ఒక్క శిష్యుడు కూడా లేడు. నజరేతులో వడ్రంగి పని చేసుకుంటూ గడిపిన మనిషి. తండ్రి ఆనందం పని మొదలుకాకముందే ఆయనకు అందింది.

పేజీ తిప్పి 4వ అధ్యాయం మూడో వచనం చూడండి. శోధకుడి, అంటే సాతాను, మొదటి మాట “నీవు దేవుని కుమారుడవైతే”. కుమారుడివైతే ఈ రాళ్లను రొట్టెలు చేసి చూపించు. తండ్రి ఉన్నదున్నట్టు చెప్పినదాన్ని నిరూపించుకోమంటున్నాడు. యేసు నిరూపించే ప్రయత్నమే చేయలేదు. వాక్యంతో జవాబిచ్చి ఊరుకున్నాడు.

మన బతుకుల్లో ఎక్కువ అలసట ఈ “అయితే” దగ్గరే పుడుతుంది. మంచి కొడుకువైతే ర్యాంకు తే. మంచి కోడలివైతే మగపిల్లాణ్ణి కను. నిజమైన విశ్వాసివైతే ఇంత కానుక ఇవ్వు, ఇన్ని ఆత్మల్ని సంపాదించు. సువార్త వరుస దీనికి ఎదురు. ముందు పిల్లలుగా స్వీకరిస్తాడు, తర్వాత పని అప్పగిస్తాడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 8 నుంచి 10 వచనాలు కలిపి చదివితే ఇది స్పష్టంగా కనబడుతుంది. రక్షణ క్రియల వల్ల రాలేదని ముందు చెప్పి, మనం సత్‌క్రియల కోసం సృష్టించబడ్డామని ఆ తర్వాత చెబుతాడు పౌలు. ఆ రెండు వాక్యాల వరుస తారుమారైతే క్రైస్తవ జీవితం పెద్ద పరీక్ష హాలైపోతుంది. ఈ వారమంతా ఈ రెండు భాగాలే చదవండి. మరేమీ వద్దు.

రెండో అడుగు: ఆ మాట మొదట ఎవరన్నారో రాసుకోండి

“నేను దేనికీ పనికిరాను” అనే మాట మనతో పుట్టలేదు. ఎవరో అన్నారు, మనం దాచుకున్నాం. నోటుపుస్తకంలో అలాంటి మాటలన్నీ, అన్నవాళ్ల నోటి నుంచి ఎలా వచ్చాయో అలాగే రాయండి. “మళ్లీ ఆడపిల్లేనా.” “రంగు తక్కువ, కట్నం ఎక్కువ అడుగుతారు.” “పక్కింటివాడిని చూసి నేర్చుకో.” “కాలనీవాళ్లకి ఇంత చదువెందుకు.” ప్రతి మాట పక్కన అన్నదెవరు, అప్పుడు మీ వయసెంత అన్నది రాయండి. వాళ్లతో వాదించకండి, వాళ్లను క్షమించేశామని తొందరపడి కూడా రాయకండి. దానికి వేరే సమయం ఉంది.

రాసిన తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి: వీటిలో దేవుడన్నది ఏది? చాలామందికి ఇక్కడే ఆశ్చర్యం కలుగుతుంది. ఏళ్ల తరబడి దేవుని తీర్పనుకున్నది అత్తగారిదో, లెక్కల మాస్టారిదో, ఊరి పెద్దలదో అయి ఉంటుంది.

మూడో అడుగు: తప్పునూ సిగ్గునూ విడదీయండి

నిజంగా మనం చేసిన తప్పులుంటాయి. వాటిని పక్కకు నెట్టేసి “నువ్వు అమూల్యం” అని చెప్పుకోవడం సువార్త కాదు. 2 కొరింథీయులకు 7:10లో పౌలు రెండు రకాల దుఃఖాల గురించి చెబుతాడు. ఒకటి దైవచిత్తానుసారమైనది, అది మారుమనస్సు వైపు నడిపిస్తుంది. రెండోది లోకసంబంధమైనది, అది మరణానికి దారి తీస్తుంది. మీ దుఃఖం ఏ రకానిదో తెలుసుకోవడం కష్టం కాదు. మొదటిదానికి ఒక పేరుంటుంది: “ఫలానా రోజు ఫలానా అబద్ధం చెప్పాను.” దానికి చేయవలసిన పని కూడా ఉంటుంది: ఒప్పుకోవడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం, క్షమాపణ అడగడం. పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని లేచి నిలబడి చెప్పాడు. యేసు అతనింటికి వస్తానన్నది మాత్రం ఆ మాట అనకముందే. లూకా 19లో ఆ వరుస కూడా గమనించండి.

రెండో రకం దుఃఖానికి పేరుండదు. “నేనే తప్పు” అంటుంది. ఏం చేయాలో చెప్పదు, ఎంత ఒప్పుకున్నా చాలదంటుంది. అది పరిశుద్ధాత్మ గద్దింపని పొరబడకండి.

శిష్యుడు పేతురు మూడుసార్లు యేసును ఎరుగనన్నాడు. పునరుత్థాన ఉదయాన సమాధి దగ్గర దూత స్త్రీలతో చెప్పిన కబురు మార్కు 16:7లో ఉంది: శిష్యులతోనూ పేతురుతోనూ చెప్పమన్నాడు. శిష్యులు అంటే అందులో పేతురూ ఉన్నట్టే. అయినా పేరు పెట్టి మరీ చెప్పమన్నాడు. ఎందుకో ఆలోచించండి. పేరు చెప్పకపోతే, శిష్యుల్లో తనను ఇంకా లెక్కేస్తున్నారని పేతురు నమ్మి ఉండేవాడా?

నాలుగో అడుగు: ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో చూస్తూ చదవండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. కింద చెప్పిన ప్రతి భాగాన్నీ పైకి చదవండి. అందులోని మనిషిని చుట్టూ ఉన్నవాళ్లు ఏమని పిలుస్తున్నారో ఒక రంగు పెన్నుతో, దేవుడు ఏమని పిలుస్తున్నాడో ఇంకో రంగుతో రాయండి.

మొదట ఆదికాండము 1:26, 27. “దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను.” పాతకాలపు ఐగుప్తులో (ఈజిప్టు), అస్సూరులో (అస్సీరియా) దేవుని ప్రతిరూపమన్న బిరుదు రాజుకు దక్కేది. ఆదికాండము ఆ గౌరవాన్ని రాజుకు మాత్రమే ఉంచలేదు, స్త్రీకీ పురుషుడికీ, మనిషన్న ప్రతివాడికీ ఇచ్చింది. వర్ణం, రంగు, పొలం, చదువు ఏదీ అక్కడ ప్రస్తావనకు రాలేదు. పాపం వచ్చి ఆ స్వరూపాన్ని మసకబార్చింది కానీ చెరిపేయలేదు. జలప్రళయం తర్వాత కూడా, ఆదికాండము 9:6లో, నరహత్య ఎందుకు ఘోరమో చెప్పేటప్పుడు అదే కారణం చెబుతుంది.

తర్వాత ఆదికాండము 16. హాగరు ఐగుప్తు నుంచి వచ్చిన దాసి. యజమానురాలు శారయి ఆమెను “నా దాసి” అంటుంది. శారయి భర్త అబ్రాము “నీ దాసి” అంటాడు. ఆ అధ్యాయంలో ఆ దంపతులిద్దరూ ఒక్కసారి కూడా ఆమెను పేరుతో పిలవరు. గర్భంతో అరణ్యంలోకి పారిపోయి నీటి ఊట దగ్గర ఉన్నప్పుడు మొదటిసారి ఒకరి నోట ఆమె పేరు వినిపిస్తుంది, పిలిచింది యెహోవా దూత. ఎక్కడనుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడుగుతాడు. ఆమె తిరిగి దేవునికే ఒక పేరు పెడుతుంది: “చూచుచున్న దేవుడవు నీవే.” బైబిల్లో దేవునికి అలా పేరు పెట్టిన మొదటి మనిషి ఇంట్లో ఎవరూ పేరుతో పిలవని ఈ దాసి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. యజమానురాలి దగ్గరికి తిరిగి వెళ్లమని దూత చెప్పిన మాటను పట్టుకుని, కొట్టే భర్త దగ్గరికే ఆడపిల్లను తిరిగి పంపే పెద్దలున్నారు. హాగరు కథ 16వ అధ్యాయంలో ఆగదు. 21వ అధ్యాయంలో ఆ ఇంటినుంచి పంపేసిన ఆమెకు, ఆమె బిడ్డకు దేవుడు అరణ్యంలో నీళ్ల బావి చూపించి అక్కడే వాళ్లను నిలబెట్టాడు. దావీదు తనను చంపాలని చూసిన రాజు సౌలు మీద పగ తీర్చుకోలేదు, అవకాశం చేతికి వచ్చినా వదిలేశాడు. కానీ సౌలు మళ్లీ ఈటె విసిరినప్పుడు తప్పించుకుని పారిపోయాడు, ఆ తర్వాత ఆ ఈటె అందేంత దూరంలో కూర్చోలేదు. క్షమించడమంటే దెబ్బలకు తిరిగి వెళ్లడం కాదు. అలాంటి స్థితిలో ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, నమ్మకమున్న ఒక మనిషికి చెప్పండి. అది విశ్వాసానికి విరుద్ధం కాదు.

తర్వాత లూకా 13:10 నుంచి 17. పద్దెనిమిదేళ్లుగా నడుం వంగిపోయిన స్త్రీ సమాజమందిరంలో ఉంది. మనుషుల ముఖాలు చూడాలన్నా మెడ ఎత్తలేదు. యేసు ఆమెను దగ్గరకు పిలిచి, చేతులుంచి నిలబెట్టాడు. సమాజమందిరపు అధికారికి కోపం వచ్చింది, విశ్రాంతిదినాన స్వస్థతలేమిటని. అప్పుడు యేసు ఆమెను “అబ్రాహాము కుమార్తె” అన్నాడు. అబ్రాహాము కుమారులమని పురుషులు గర్వంగా చెప్పుకునే సమాజంలో, ఎవరి కంటికీ ఆనని ఒక రోగిష్టి స్త్రీని అందరి ముందూ వారసురాలిగా నిలబెట్టాడు. నాట్లేసి, కలుపు తీసి నడుం వంగిపోయిన మన అమ్మలకు ఈ భాగం చదివి వినిపించండి, వాళ్లు మనకంటే త్వరగా అందుకుంటారు.

మార్కు 5లో పన్నెండేళ్ల రక్తస్రావంతో బాధపడిన స్త్రీని “కుమారీ” అన్నాడు. అది మీరే చదువుకోండి. యెషయా 43:4 మాత్రం కంఠతా పట్టండి: “నీవు నా దృష్టికి ప్రియుడవైనందున ఘనుడవైతివి, నేను నిన్ను ప్రేమించుచున్నాను.” ఇది గెలిచినవాళ్లకు చెప్పిన మాట కాదు. దేవాలయం, దేశం, రాజు అన్నీ పోగొట్టుకుని బబులోను చెరలో ఉన్న ప్రజలకు చెప్పినది. అందుకే దాన్ని నమ్మవచ్చు.

ఐదో అడుగు: ప్రార్థనలో మీ గురించి వాడే మాటలు సరిచేసుకోండి

“నేను పురుగును ప్రభువా” అని ప్రార్థించే అలవాటు మనకు బాగా ఉంది. అది 22వ కీర్తనలోని మాటే. ఆరో వచనం పూర్తిగా చదవండి: “నేను నరుడను కాను నేను పురుగును, నరులచేత నిందింపబడినవాడను ప్రజలచేత తృణీకరింపబడినవాడను.” పురుగు అన్నది అక్కడ దేవుడిచ్చిన తీర్పు కాదు, చుట్టూ ఉన్నవాళ్ల నిందలు ఒక మనిషిని ఎంత దిగజార్చాయో చెప్పే ఏడుపు. యెషయా 41:14లో దేవుడు కూడా “పురుగువంటి యాకోబూ” అంటాడు, వెంటనే భయపడవద్దని, సహాయం చేస్తానని చెప్పడానికి. ఆ సగం విడిచిపెట్టి ఈ సగమే జీవితమంతా వల్లిస్తున్నాం.

ఈ వారం ఇలా చేయండి. ప్రార్థనను కాగితం మీద రాయండి. మీ బాధ ఉన్నదున్నట్టు రాయండి, కీర్తనకారులు అలాగే చేశారు. “నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు” అని 42వ కీర్తనలో తనను తానే అడుగుతాడు, తిట్టుకోడు. రాశాక మళ్లీ చదివి, మీ పిల్లను అనడానికి మీకు నోరు రాని మాటలు మిమ్మల్ని మీరు అనుకున్నచోట గీత గీయండి. దాని స్థానంలో జరిగినదేమిటో రాయండి. “నేను చెడ్డ తల్లిని” కొట్టేసి “ఇవాళ పిల్లాడి మీద అరిచాను, క్షమించు, వాడితో మాట్లాడే ధైర్యమివ్వు” అని రాయండి. మొదటిదానికి దేవుణ్ణి ఏమి చేయమని అడుగుతారు? రెండోదానికి జవాబు సాయంత్రంలోగా రావచ్చు.

తాగొచ్చి కొట్టిన నాన్న దగ్గర పెరిగినవాళ్లకు “పరలోకమందున్న మా తండ్రీ” అనడమే కష్టంగా ఉంటుంది. వాళ్లను తొందరపెట్టకూడదు. 27వ కీర్తన పదో వచనం వాళ్లకోసమే ఉంది: తలిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడు. యెషయా 49:15లో దేవుడు తనను చంటిబిడ్డను మరువని తల్లికంటే మిన్నగా చెప్పుకుంటాడు. కాపరి అనో, కొండ అనో, ఆశ్రయమనో పిలిచినా అదే దేవుడు వింటాడు. తండ్రి అనే పిలుపు తర్వాత దానంతట అదే వస్తుంది.

ఆరో అడుగు: పని ఆపి చూడండి

నిర్గమకాండము 5వ అధ్యాయంలో ఐగుప్తు రాజు ఫరో ఇటుకలు చేసే ఇశ్రాయేలు బానిసలకు గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. ఆ లెక్క తగ్గితే దెబ్బలు. అక్కడ మనిషి విలువ సాయంత్రానికి పోసిన ఇటుకలంత. ఆ ప్రజల్ని బయటికి తెచ్చాక దేవుడిచ్చిన ఆజ్ఞల్లో విశ్రాంతిదినం ఒకటి. ద్వితీయోపదేశకాండము 5:15లో దానికి కారణం కూడా చెబుతాడు: నువ్వు ఐగుప్తులో దాసుడివని జ్ఞాపకం చేసుకో. యజమానితోపాటు దాసుడికీ దాసికీ, ఎద్దుకూ గాడిదకూ కూడా సెలవు. వారంలో ఒక రోజు ఎవరూ ఏ ఇటుకా పోయరు, అయినా ఎవరి విలువా తగ్గదు. ఇంటర్ ఫలితాల రోజుల్లో పిల్లల్ని చూసినా, నెలాఖరు టార్గెట్ల కింద నలిగే ఉద్యోగులను చూసినా ఫరో లెక్కలే గుర్తొస్తాయి నాకు.

కాబట్టి వారంలో ఒక పూట ఎంచుకోండి. సంపాదన, ఇంటిపని, ఫోన్‌లో పక్కవాళ్ల ఫోటోలు చూసి పోల్చుకోవడం, అన్నీ ఆపండి. సంఘంలో పాటల దళం, కుర్చీలు సర్దడం, వంటలు, లైవ్ పెట్టడం అన్నీ మీ మీదే ఉంటే ఒక నెల వాటికి కూడా సెలవు అడగండి. సేవ మానితే “నేనెవరిని” అన్న భయం పుడితే, ఆ సేవ ఇన్నాళ్లూ మీకు ఆసరాగా నిలిచిందన్నమాట. ఆ భయాన్ని పాస్టర్ గారికో, ఆప్తులకో చెప్పండి. ఇంటిపని అంతా ఒక్కరి నెత్తినే ఉన్న స్త్రీకి ఈ పూట దొరకాలంటే మిగతావాళ్లు గిన్నెలు తోమాలి. మగవాళ్లు ఈ అడుగు పాటించే తీరు అదే.

ఏడో అడుగు: మిమ్మల్ని మనిషిగా చూసే సంఘం వెతుక్కోండి

తెలుగు నేల మీద ఈ సంగతి ఎంత లోతుగా పనిచేసిందో ఒంగోలు చరిత్ర చెబుతుంది. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దగ్గరికి ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు చెప్పారు. ఏం చేయాలో తోచక ప్రార్థిస్తుంటే తనకూ, వేరే గదిలో ఉన్న తన భార్యకూ ఒకే వాక్యభాగం కంటపడిందని క్లౌ రాసుకున్నాడు. అది 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం, లోకంలో నీచులుగా, తృణీకరింపబడినవారిగా, ఎన్నికలేనివారిగా ఉన్నవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బావి దగ్గరికి రానివ్వని మనుషులు ఒకే నీళ్లలో దిగి, ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ల పిల్లలు బడికి వెళ్లారు.

ఆ వారసత్వం ఉన్న సంఘాల్లోనే ఇవాళ కూడా కులం చూసి పెళ్లిళ్లు కుదురుతున్నాయి. ఇది బాధతోనే చెబుతున్నాను. అందువల్ల సంఘాన్ని ఎంచుకునేటప్పుడు పాటలు, భవనం, ప్రసంగం మాత్రమే చూడకండి. కారులో వచ్చినవారినీ ఆటోలో వచ్చినవారినీ ఎక్కడ కూర్చోబెడుతున్నారో చూడండి. బంగారపు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, దరిద్రుడికి పాదపీఠం దగ్గర చోటు ఇవ్వడాన్ని యాకోబు పత్రిక 2వ అధ్యాయం సూటిగా ఖండించింది. జబ్బు చేసినవాళ్లను విశ్వాసం చాలలేదని నిందిస్తున్నారా? పిల్లలు లేనివాళ్ల సాక్ష్యం కూడా వింటున్నారా, లేక ఇల్లు, కారు, వీసా వచ్చినవాళ్లకే మైకు ఇస్తున్నారా? మీరు రెండు వారాలు రాకపోతే కానుక కోసం కాకుండా మీకోసం ఎవరైనా ఫోన్ చేశారా? జవాబులు బాగాలేకపోతే వేరే చోటు వెతుక్కోవడం పాపం కాదు.

మనసు జబ్బుపడితే

ప్రవక్త ఏలీయా చెట్టుకింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. 1 రాజులు 19 చూడండి: నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడటం చాలా తర్వాత. వారాల తరబడి నిద్ర, ఆకలి చెడి, దేని మీదా ఆసక్తి లేక, చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే అది విశ్వాసం తగ్గడం కాదు, వైద్యం కావలసిన స్థితి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. డాక్టరు మందులిస్తే వేసుకోండి, ప్రార్థన కూడా చేయండి. మందులు మానేసి ఉపవాసం ఉండమని ఎవరైనా చెబితే, వాళ్లెంత పేరున్న దైవజనులైనా, ఆ ఒక్క మాట వినకండి.

పిల్లల దగ్గర

ఇంతవరకూ వచ్చినవాళ్లు రెండో అడుగులో రాసిన మాటల జాబితా మళ్లీ తీయండి. వాటిలో ఏ ఒక్కటీ మీ నోటినుంచి మీ ఇంటి పిల్లలకు వెళ్లకుండా చూసుకోండి. మార్కులు రాకముందే, ఫలితాల రోజు ఉదయమే, పిల్లను కూర్చోబెట్టి టిఫిన్ తినిపించి నువ్వంటే మాకు సంతోషమని చెప్పండి. సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పినవాళ్లకు బహుమతి ఇస్తే ఇవ్వండి, అప్పజెప్పలేనివాడి పేరు కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి. రంగు మీద, బొద్దుతనం మీద, కులం మీద వేసే జోకులు ప్రార్థన కూటమైనా, పెళ్లి విందైనా అక్కడికక్కడే ఆపండి. అన్నవాళ్లు పెద్దవాళ్లయితే పక్కకు పిలిచి చెప్పండి, పిల్ల విన్నదని మాత్రం తప్పకుండా చెప్పండి.